నాలుగు ముద్రల గుమ్మం

వజ్రపుకొత్తూరుకు పేపరు ఒక రోజు ఆలస్యంగా వచ్చేది. పలాస స్టేషన్లో రైలు దిగి, బస్సెక్కి, పోస్టాఫీసు అరుగు మీద ఓ పూట కూర్చుని, తీరిగ్గా త్రిపురసుందరమ్మ గారింటికి చేరేది. అందరూ ముందు చదివే పేజీ ఆవిడ ఆఖర్న చదివేది. ముందు టెండరు నోటీసులు, కోర్టు ప్రకటనలు, కొత్తగా వచ్చిన చట్టాలు. ఏది నేరమో ముందే తెలుసుకుని ఉంటే తెలియక చేసే ప్రమాదం తప్పుతుందని ఆవిడ నమ్మకం. బంగారం చట్టం వచ్చినప్పుడు తన నల్లపూసల్లో రెండు బంగారు గుండ్లున్నాయని కలెక్టరు గారికి కార్డు రాసింది. జవాబు రాలేదు. రాకపోవడం మంచికో చెడ్డకో తేలక మూడు నెలలు నల్లపూసలు పమిట కింద దాచుకుని తిరిగింది.

ఆవిడ బడి మొహం చూసిన మనిషి కాదు. పెళ్లయిన రెండో ఏడు భర్త బర్మా వెళ్లి, మౌల్మీన్‌లో ఒక కలప మిల్లులో గుమస్తాగా చేరాడు. కోసిన దుంగల మీద నంబర్లు రాయడం ఆయన పని. ఆయన ఉత్తరాలు మామగారి చేత చదివించుకోవడానికి సిగ్గుపడి, పక్కింటి పిల్లల పలకలు చూసి చూసి, గోడ మీద బొగ్గుతో రాసి రాసి చదువు పట్టింది. తర్వాత ఊళ్లో ఎవరికి రంగూన్ నించి ఉత్తరం వచ్చినా, బెస్తవాడ ఆడవాళ్లంతా ఆవిడ అరుగు మీదికే వచ్చేవారు. అందరి ఉత్తరాలూ చదివిన మనిషికి తన ఉత్తరాలు మాత్రం నలభై ఒకటో సంవత్సరంతో ఆగిపోయాయి. యుద్ధంలో వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. ఈ ఊరివాళ్లు పదముగ్గురు వచ్చారు. ఆయన వాళ్లలో లేడు. పోయాడన్న కబురూ లేదు. ఆవిడ బొట్టు తియ్యలేదు, రాయడమూ మానలేదు. పదకొండు ఉత్తరాలు, పదకొండూ తిరిగొచ్చాయి. "సుందరమ్మగారు గుమ్మం కాస్తన్నారు" అని ఊళ్లో మేలమాడేవారు. ఆవిడకి కోపం వచ్చేది కాదు. కాస్తున్న మాట నిజమే కనక.

కాస్తున్న ఆ గుమ్మాన్ని చెదలు తినేశాయి.

అరవై ఏడు కార్తీకంలో తుఫాను పట్టి విడిచిన మర్నాడు, బెస్తవాడ దాలయ్యకి ఒడ్డున ఒక టేకు దుంగ కనిపించింది. ఏనుగంత ఉంది. దాలయ్య తలగుడ్డ విప్పి దాని నడుముకి కట్టాడు. సముద్రం ఒడ్డుకు తెచ్చినదానికి ముందు ఎవరు తలగుడ్డ కడితే వాళ్లదే, ఆ తీరంలో తాతలనాటి నించీ అదే చట్టం. ఆ దుంగని ఎడ్లు కట్టి ఈడ్పించి, తిన్నగా తెచ్చి సుందరమ్మ గారి వీధిలో దింపాడు.

"నాకెందుకురా ఇంత దుంగ" అంది ఆవిడ.

"మా అన్న రంగూన్ల ఉన్నన్నాళ్లూ ఉత్తరాలు సదివి పెట్టినావు కదమ్మా. ఆడొచ్చీసినాడు. మరి నీకు గుమ్మవైనా రావొద్దేటి" అన్నాడు దాలయ్య.

వడ్రంగి గున్నయ్య రంపం పెడుతూ, ఈ మాను పాతికముప్పై ఏళ్లు ఏ ఏటి బురదలోనో నానిందనీ, ఇలాంటి చేవ ఇప్పుడు దొరకదనీ చెప్పాడు. కొలతల దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. పాత గుమ్మం కన్నా మూరెడు ఎత్తు కావాలంటుంది ఆవిడ.

"ఎవులికమ్మా అంతెత్తు? నువ్వు నిచ్చెనేసుకుని దాటుతావేటి?"

ఆవిడ మూరతో మళ్లీ కొలిచి చూపించింది. ముప్పై ఎనిమిదిలో ఆయన ఒక్కసారి సెలవు మీద వచ్చి, తిరిగి వెళ్లే రోజున ఆ గుమ్మం పైకమ్మీకి నుదురు కొట్టుకున్నాడు. కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లమంటే, బారువ రేవులో స్టీమరు తన కోసం ఆగదని నవ్వి వెళ్లిపోయాడు. ఆ దెబ్బ ఈవిడకి ఇంకా తగ్గలేదు. గుమ్మం ఎత్తుగా ఉండాలి, అంతే.

కమ్మీ కడుగుతుంటే దాని మీద ఒక గుర్తు బయటపడింది. గుండ్రంలో చేప, కింద బర్మా అక్షరాలు. సుందరమ్మ గారు చేతిలో చెంబు కింద పెట్టేసింది. లోపలికెళ్లి రేకు డబ్బాలోంచి ముప్పై ఎనిమిది నాటి ఉత్తరం తీసింది. 'మా మిల్లు గుర్తు ఇదీ' అని ఆయన వేసి పంపిన బొమ్మ అందులో ఉంది. గుండ్రంలో చేప. ఆ భాగం చిత్రిక పట్టొద్దనీ, అది వీధి వైపు కనపడేలా పెట్టమనీ గున్నయ్యకి చెప్పింది. మాఘమాసంలో మంచి రోజు చూసి, పసుపు రాసి, మామిడాకులు కట్టి గుమ్మం ఎత్తారు.

ఇంతవరకూ బాగానే ఉంది. పేపరు రాకపోయి ఉంటే ఆ తర్వాతా బాగానే ఉండేది.

ఫాల్గుణంలో పేపర్లో ఓ మూల చిన్న వార్త పడింది. ఇంకెక్కడో తీరాన ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెట్టెను ఇంట్లో పెట్టుకున్న మనిషిని పట్టుకున్నారట. సముద్రం నించి వచ్చిన ఏ వస్తువునైనా సర్కారుకు తెలియజేయాలట. ఏ సర్కారు ఆఫీసుకో మాత్రం వాళ్లు వెయ్యలేదు. సుందరమ్మ గారికి ఆ పూట అన్నం సయించలేదు. పైదేశపు సరుకు కనక సుంకాల వాళ్లకి ఒక అర్జీ, కలప కనక అడవి శాఖకి ఒకటి, సముద్రం తెచ్చింది కనక రేవు ఆఫీసుకి ఒకటి, దొంగసొత్తని ఎవరైనా అంటారేమోనని పోలీసులకి ఒకటి రాసి, నాలుగూ ఒకే రోజున పోస్టు చేసింది. ఒకరికి ముందూ ఒకరికి వెనకా అందితే బాగుండదని.

పదిహేను రోజుల్లో నలుగురూ వచ్చారు.

మొదట అడవి శాఖ మనిషి వచ్చి, కొట్టుకొచ్చిన కలపంతా కొత్త చట్టం ప్రకారం ప్రభుత్వానిదేనని చెప్పి, కుడి నిలువుకి సుత్తితో ముద్ర కొట్టాడు. తర్వాత సుంకాల ఇన్స్పెక్టరు, ఇది పన్ను కట్టకుండా దిగుమతి అయిన సరుకన్నాడు. ఎవరు దిగుమతి చేశారని ఆవిడ భయంభయంగా అడిగితే, అది విచారణలో తేలుతుందని ఎడమ నిలువుకి సీసం బిళ్ల కట్టాడు. రేవు గుమస్తా పైకమ్మీకి ఒక ప్రకటన అంటించాడు. అది చేప మీద పడబోతుంటే ఆవిడ కాస్త పక్కకి జరిపించింది. ఆఖర్న హెడ్డు కానిస్టేబులు పోలారావు వచ్చి, తనకి ఖాళీ ఎక్కడుందా అని చూసి, గడప మీద లక్క సీలు వేశాడు.

"నడండి, ఊడదీసి స్టేషన్‌కి పట్టించెయ్యాల" అన్నాడు పోలారావు.

"ఊడదీస్తే గోడ కూలుతుంది బాబూ. మీ కాగితంలో గోడ లేదు" అంది సుందరమ్మ గారు. చదువుకున్న చట్టం ఆ మాత్రం అక్కరకొచ్చింది.

పోలారావు కాగితం రెండుసార్లు చదివాడు. గోడ లేదు. "అయితే ఇది సాక్ష్యం. దీన్ని ముట్టుకోకూడదు."

"శుక్రవారం గడపకి పసుపు రాయాలి కదా."

"రాయకూడదమ్మా. సాక్ష్యం రంగు మారిపోద్ది."

"దాటొచ్చా?"

"దాటండి. తొక్కకండి."

"గడప తొక్కడం మా ఇంటావంటా లేదు" అంది ఆవిడ. అందిగానీ, ఎందుకైనా మంచిదని ఆ రోజు నించి తానూ వచ్చినవాళ్లూ పెరటి దోవనే నడిచేలా చూసింది.

టెక్కలిలో ప్లీడరు గుమస్తాగా ఉన్న ఆవిడ తమ్ముడు అప్పలనరసింహం కబురంది పరుగెత్తుకొచ్చాడు. గుమ్మం ముందు నిలబడి నాలుగు ముద్రలూ తనివితీరా చూశాడు.

"ఏటక్కా ఇది? ఒక్క దుంగకి నాలుగు అర్జీలా?"

"ఒకళ్లకి రాసి ఇంకొకళ్లకి రాయకపోతే దాచినట్టవదురా?"

"ముప్పై ఏళ్లలో తన మీద తనే ఫిర్యాదు చేసుకున్న మనిషిని నేను చూళ్లేదు. మా ప్లీడరు గారు నీకు దణ్ణం పెట్టి రమ్మన్నారు."

"దాలయ్యకి ఏవీ కాదు కదురా?"

"నువ్వు ఇంకో అర్జీ రాయకుండా ఉంటే కాదు."

ఆవిడ నవ్వలేదు. గుమ్మాన్ని చూస్తూ, "దీన్ని తీసుకుపోతారా నర్సిమ్మం?" అని అడిగింది. తమ్ముడు మేలమాడటం ఆపేశాడు. ఈ గుమ్మం మూరెడు ఎత్తు ఎందుకు పెరిగిందో ఊళ్లో ఎవరికీ తెలియకపోయినా అతనికి తెలుసు. ఆ రోజున బావ వెనక ట్రంకు పెట్టె మోసింది అతనే.

జ్యేష్ఠంలో టెక్కలి కోర్టుకు పిలుపొచ్చింది. సుందరమ్మ గారు రేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది. దాలయ్య ఉతికిన పంచె కట్టుకుని, దారి పొడుగునా కోర్టులో ఏం మాట్లాడకూడదో ఆవిడ చెబుతుంటే బుద్ధిగా తల ఊపుతూ వచ్చాడు. అక్కడికెళ్లాక అవన్నీ మాట్లాడాడు.

"దుంగ నీకు ఎక్కడ దొరికింది?" అని అడిగారు మేజిస్ట్రేటు గారు. నడివయసు మనిషి, ముఖంలో నవ్వు కనపడకుండా దాచుకునే అలవాటు ఉన్నట్టుంది.

"దొరకడవేటి బాబూ. అదే వొచ్చింది."

"ఎవరిదో కనుక్కున్నావా?"

"సముద్రాన్ని ఎవులడుగుతారు బాబూ. తలగుడ్డ కట్టీసినాను. మా రేవుల గుడ్డ కట్టీసినాక మరెవులూ ముట్టుకోరు."

"అది దొంగసొత్తు అయితే?"

"దొంగిలించింది సముద్రం బాబూ. దాన్ని పట్టుకెళ్లండి. నాను వొచ్చి సాచ్చికం సెప్తాను."

తర్వాత సుందరమ్మ గారిని పిలిచారు. ప్రమాణం అయింది. పేరు చెప్పింది. భర్త పేరు అడిగేసరికి ఆవిడ తమ్ముడి వైపు చూసింది.

"కాశీవిశ్వనాథం గారండి" అన్నాడు అప్పలనరసింహం. "మా వైపు ఆడవాళ్లు చెప్పరండి."

మేజిస్ట్రేటు గారు రాసుకోమని గుమస్తాకి సైగ చేసి, నలుగురు అధికారులూ చెప్పింది విన్నారు. నలుగురూ ఒక్క మాట మీదే ఉన్నారు: గుమ్మం మా శాఖది. ఒక గుమ్మానికి నలుగురు కాపలాదార్లు ఉండగా ఆ ఇంట్లో దొంగతనం జరగదని ఆయన అన్నారు. తర్వాత కళ్లజోడు తీసి, ఆవిడకి అర్థమయ్యేలా నిదానంగా చెప్పారు.

"అమ్మా, ఇందులో రెండు దోవలున్నాయి. సొంతదారు ఎవరో తెలియదు కనక, ఎవరి దగ్గర ఉన్నది వాళ్లకే వదిలేసి ఇవాళే కేసు మూసెయ్యొచ్చు. ఈ నలుగురితో నేను మాట్లాడుకుంటాను. రెండోది, దాని మీద గుర్తు ఉంది కనక ప్రకటన ఇచ్చి ఆరు నెలలు ఆగడం. ఆ గుర్తు పంపి బర్మా ప్రభుత్వాన్ని అడుగుతారు. సొంతదారు వచ్చి నాదంటే గుమ్మం ఊడదీసి ఇచ్చెయ్యాలి."

"మొదటిదే అను" అని వెనక నించి గొణిగాడు తమ్ముడు.

సుందరమ్మ గారికి అసలు కావలసింది అదే. గుమ్మం నిలవాలనే కదా ఇన్నాళ్లూ నిద్రపట్టక పొర్లింది. ఆ మాట అనడానికి నోరు తెరిచి, ఇంకొకటి అడిగింది.

"ఆ రెండో దోవలో బర్మాకి ఉత్తరం ఎవరు రాస్తారు బాబూ?"

"ప్రభుత్వం రాస్తుంది. కలెక్టరు గారి ద్వారా ఢిల్లీకి, అక్కణ్ణించి రంగూన్లో మన రాయబారికి వెళుతుంది."

"తిరిగి రాదా?"

"తిరిగి రావడమేమిటి?"

"నావి పదకొండు తిరిగొచ్చాయి."

మేజిస్ట్రేటు గారు ఆవిడని పరీక్షగా చూశారు. "ప్రభుత్వం ప్రభుత్వానికి రాస్తే ఏదో ఒక జవాబు వస్తుందమ్మా."

ఆవిడ రేకు డబ్బా తెరిచి ఉత్తరం పైకి అందించింది. ఆయన చేప బొమ్మ చూశారు. ఉత్తరం మీద తేదీ చూశారు.

"దుంగ ఎవరిదో అడగండి బాబూ. అదే కాగితంలో, దాని మీద నంబరు రాసిన గుమస్తా ఎక్కడున్నాడో కూడా ఒక ముక్క అడగండి."

"కోర్టు పోస్టాఫీసు కాదమ్మా."

"పోస్టాఫీసులో ఇరవయ్యేడేళ్లు అడిగాను బాబూ. మేం కోర్టు కాదన్నారు వాళ్లు."

బెంచీల మీద ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వించడానికి అనలేదు. కంగారుగా చెంగు వేలికి చుట్టుకుంటూ, పేపర్లో చదివి నేర్చుకున్న చట్టమంతా కూడదీసుకుంది. "ఆయన ఆ దుంగకి సాక్షి కదండి. సాక్షి ఎక్కడున్నాడో తెలియకుండా సొత్తు ఎవరిదో ఎలా తేలుతుంది?"

ప్లీడర్లలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. అప్పలనరసింహం తల దించుకున్నాడు, అది సిగ్గో ఇంకేదో.

"గుమ్మం పోవచ్చు. అది తెలిసే అడుగుతున్నారా?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

గుమ్మం ఆవిడ కళ్ల ముందు నిలిచింది. మూరెడు ఎత్తు, చిత్రిక పట్టని ఆ చేప, రాయని పసుపు. "తెలుసు బాబూ" అంది.

"సరే. సాక్షి పేరు చెప్పండి."

అప్పలనరసింహం లేవబోయాడు. ఆయన చేత్తో వారించారు. "ఆచూకీ కోరుతున్నది ఆవిడ. ఆవిడే చెప్పాలి."

పెళ్లయి ముప్పై అయిదేళ్లు. ఆ పేరు ఆవిడ చదివింది, కవర్ల మీద రాసింది, ఒక్కసారీ పలకలేదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు చెప్పింది. తగ్గడానికి ఇంకా ఎంత మిగిలిందో, అసలు ఉందో లేదో తెలియని మనిషికి ఆ భయమూ ఎంతకాలం పడాలి? బోను కటకటాలు పట్టుకుని, "కాశీవిశ్వనాథం" అంది.

బెంచి గుమస్తా కలం ఎత్తి, "వినపడలేదమ్మా" అన్నాడు.

రెండోసారి హాలంతా వినపడేలా చెప్పింది.

ఆ ఆరు నెలల పాటూ గుమ్మాన్ని ఆవిడ జిమ్మాకే ఇచ్చారు. దాన్ని కదల్చకుండా, చెడకుండా కాపాడి, కోర్టు అడిగినప్పుడు చూపిస్తానని సంతకం చేయించుకున్నారు. ఉత్తరం కోర్టులోనే ఉంచమంటే మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. వరండాలో కూర్చుని నకలు రాసిచ్చింది. రాత ముగిసినా చేప ఓ పట్టాన కుదరలేదు. నాలుగోసారికి కుదిరింది.

తిరుగు బస్సులో దాలయ్య అన్నాడు: "ఇన్నాళ్లూ ఊరికే గుమ్మం కాసినావు. ఇప్పుడు కోరటు ఆడరు ఉంది. మరెవులూ నవ్వనేరు."

నిజంగానే ఎవరూ నవ్వలేదు. కోర్టు అడిగినప్పుడు చెబితే చాలని తమ్ముడు ఎంత మొత్తుకున్నా, అడగడం మరిచిపోతారేమోనని ఆవిడే నెలనెలా టెక్కలికి కార్డు రాసేది. 'గుమ్మం క్షేమం. నాలుగు ముద్రలూ క్షేమం. ఆషాఢంలో గాలికి రేవు వారి ప్రకటన కొంచెం చిరిగినది, మెతుకుతో అతికించితిని, క్షమించవలెను.' కోర్టు గుమస్తాలు ఆ కార్డు కోసం ఎదురుచూసేవారని తర్వాత తెలిసింది.

మార్గశిరంలో అప్పలనరసింహం వచ్చాడు. పెరటి దోవన కాక వీధి వైపు నించి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో టైపు కొట్టిన కాగితం. ఎప్పుడూ వస్తూనే ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు, ఆ రోజు మంచినీళ్లు అడిగాడు.

"చదవరా."

"ఆ గుర్తు మౌల్మీన్లో ఒక మిల్లుదట. యుద్ధంలో తగలబడిపోయింది. వారసులు లేరు. దుంగ మాదని ఎవరూ రాలేదు. గుమ్మం నీదేనక్కా. కేసు కొట్టేశారు."

"గుమస్తా సంగతో?"

"ఆ పేరు మీద రికార్డు లేదన్నారు."

ఆవిడ చెంబు అందుకుని లోపల పెట్టి వచ్చింది. "మనిషి లేడన్నారా?"

"లేదక్కా. రికార్డు లేదన్నారు."

"రెండూ ఒకటి కాదు కదా."

ముప్పై ఏళ్లుగా ప్లీడర్ల వాదనలు విన్న అప్పలనరసింహం ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నించి చదివాడు. "కాదు" అన్నాడు.

ముద్రలు తీసెయ్యొచ్చన్నా ఆవిడ ఒక్క లక్క సీలు మాత్రం గోకింది. గడప కడిగి, ఇన్ని నెలల పసుపూ ఒక్కసారే రాసినంత దట్టంగా రాసి, బొట్లు పెట్టింది. తమ్ముడు భోజనానికి లోపలికి వస్తూ అలవాటు కొద్దీ తల వంచాడు.

"వంగక్కర్లేదురా" అంది ఆవిడ. "ఎత్తు పెట్టించాను కదా."

భోజనాలయ్యాక ఆవిడ చాప మీద కూర్చుని కార్డు తీసింది.

"కేసు కొట్టేశారక్కా. ఇంకా కార్డేటి?"

"కొట్టేసినట్టు నాకు అందిందని వాళ్లకి తెలియొద్దూ?"

గుమ్మం క్షేమమని రాసింది. పసుపు రాయడమైనదని రాసింది. బర్మాలో రికార్డులుండే ఆఫీసు ఇంకొకటి ఏదైనా ఉన్నచో చిరునామా దయచేసి తెలపవలెనని రాసింది. రాసి, ఒక్క కోర్టుకే రాస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారోనని ఇంకో నాలుగు కార్డులు తీసింది.